యానాం కిటికీలు చూసి వచ్చాము

మా మద్రసా రాజమహేంద్రవరంలో, గోదావరి గట్టుకు సమీపాన, ఒక పాత మేడలో నడుస్తున్నది. పూర్వం అది ఒక కలప వర్తకుని గృహం. ఆయన వారసులు ఇల్లు అమ్మజూపినప్పుడు మన పెద్దలు చందాలు పోగుచేసి కొని, పిల్లల చదువు కొరకు వక్ఫ్ చేశారు. ఆ మేడకు మొదట పదహారు పెద్ద కిటికీలు ఉండేవి. ఇప్పుడు పద్నాలుగు ఉన్నాయి. మిగిలిన రెండింటి సంగతి తరువాత చెప్పుకుంటాము. అది మాకు గర్వకారణమైన విషయం కాదు.

మొన్నటి తుపాను గాలికి పై అంతస్తులోని ఒక కిటికీ రెక్క బందులు ఊడి క్రింద పడింది. వరండాలో కూర్చుని సబఖ్ వల్లె వేసుకుంటున్న ఒక బాలుని భుజాన్ని రాసుకుంటూ పోయింది. అల్‌హందులిల్లాహ్, ఎముక విరగలేదు. కాని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పిల్లవాని తండ్రికి ఫోనులో ఏమి చెప్పాలో తోచక, ఫజ్ర్ అజాన్ వరకు ఆ మాటలనే కూర్చుకుంటూ ఉండిపోయాము.

మరుసటి వారం కమిటీ సమావేశమైంది. పాత కిటికీలన్నీ తీసివేయాలనీ, వాటి స్థానంలో అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు పెట్టించాలనీ తీర్మానం వ్రాశారు. మన ఊరి యువకుడొకరు జిద్దాలో ఉద్యోగం చేస్తున్నారు. ఖర్చంతా తామే భరిస్తామని చెప్పి, సగం సొమ్ము వెంటనే పంపించారు కూడా. షాబాన్ సెలవులలో పని ముగించి, షవ్వాల్‌లో పిల్లలు తిరిగి వచ్చేసరికి గదులు సిద్ధం చేసే బాధ్యతను మాకు అప్పగించారు. తీర్మానం క్రింద మేమూ సంతకం చేశాము.

పాత కిటికీలు ఊడదీయడానికి ఎంత కూలి అవుతుందో కనుక్కుందామని వడ్రంగి ఆచారి గారిని పిలిపించాము. డెబ్భై ఏళ్ళ మనిషి. వెంట మనుమడు ఉన్నాడు. ఆయన కూలి సంగతి మాట్లాడలేదు. పడిపోయిన రెక్కను ఒడిలో పెట్టుకుని, దాని అంచును బొటనవ్రేలితో తడిమి చూశారు.

"మౌలానా గారూ, దీన్ని పారేస్తారాండీ?" అన్నారు.

"కమిటీ నిర్ణయం అండీ. పిల్లల మీద పడుతున్నవి ఎలా ఉంచుకుంటాము?"

"పడింది చెక్క కాదండి, మేకులు. తుప్పు పట్టిన మేకులు ఊడితే చెక్క ఏం చేస్తుందండీ? ఇది మన వైపు పని కాదు. యానాం పని. మా తాత ఆ ఊళ్ళో పరాసు దొరల ఇళ్ళకి చేసేవాడు. ఓసారి నాతో యానాం వచ్చి చూడండి. చూశాక కూడా తీసేయమంటే తీసేస్తాను."

అలా మేము ఒక గురువారం నాడు, ఫజ్ర్ తరువాత, ఆచారి గారితోను ఆయన మనుమనితోను కలిసి యానాం బయలుదేరాము. ఊరు చూడడానికి కాదు, కిటికీలు చూడడానికి.

ధవళేశ్వరం, కడియం, ద్రాక్షారామం మీదుగా డెల్టాలోకి దిగుతూ పోతే దారి పొడవునా కాలువలే తోడు. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట ఈ కాలువలకు ప్రాణం పోసింది. ఈ దారిలో పాత మండువా ఇళ్ళు ఇంకా అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. ఆచారి గారు బస్సు కిటికీలోనుండి వాటి కిటికీలనే చూపిస్తూ వచ్చారు. మన వైపు కిటికీకి చట్రం మందంగా ఉంటుంది, నిలువు ఊచలు ఉంటాయి, పైన రెండు రెక్కలు, క్రింద రెండు రెక్కలు. క్రిందివి మూసి పైవి తెరిస్తే వెలుగు వస్తుంది, వీధిలోని వారికి లోపలివారు కనబడరు. ఇది మన నేల తెలివి. ఇంజరం దాటినాక యానాం. రెండింటి మధ్య దూరం స్వల్పమే. అయినా ఇంజరంలో ఇంగ్లీషువారి వర్తక స్థావరం, యానాంలో ఫ్రెంచివారిది. ఒకే నేత బట్ట కోసం ఇద్దరూ పోటీ పడ్డ కాలం అది.

ఫ్రెంచివారు యానాంలో మొదట 1723లో అడుగు పెట్టారు, కొద్ది ఏళ్ళకే విడిచిపోయారు, 1731లో మళ్ళీ వచ్చారు. 1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను వారి పరం చేయడంతో కొంతకాలం ఈ తీరమంతా తమదేనన్నట్లు ఉన్నారు. 1758లో చందుర్తి యుద్ధంతో ఆ వైభవం ముగిసింది. యానాం మాత్రం చేతులు మారుతూ మారుతూ చివరకు వారికే మిగిలింది. 1954 నవంబరు 1న పాలన భారతదేశం చేతికి వచ్చింది. చట్టరీత్యా అప్పగింత 1962 ఆగస్టు 16న జరిగింది. చుట్టూ ఆంధ్రదేశమే అయినా, పాలనలో యానాం నేటికీ పుదుచ్చేరిలో భాగం. శారదా చట్టం వచ్చిన రోజులలో బ్రిటిషు ఇలాకా నుండి జనం బండ్లు కట్టుకుని వచ్చి ఇక్కడ బాల్యవివాహాలు జరిపించుకునేవారట. చట్టాన్ని తప్పించుకునే దారి దగ్గరలో ఉంటే మనిషి ఎంత దూరమైనా నడుస్తాడు.

నేటి యానాంలో ఫ్రెంచి ఛాయల కోసం వెదకేవారికి ఈఫిల్ టవరును తలపించే ఒక ఇనుప గోపురం మొట్టమొదట కనబడుతుంది. అది ఇటీవలి కట్టడం. పాతది కావాలంటే పరిపాలనాధికారి కార్యాలయం, 1846 నాటి క్యాథలిక్ చర్చి, ఆ చుట్టుప్రక్కల వీధులలో మిగిలిన కొన్ని ఇళ్ళు చూడాలి. ఆచారి గారు వాటి ముందు ఆగలేదు. గోదావరి వైపు వెళ్ళే ఒక సందులో, ప్రహరీ గోడ మీదికి బోగన్‌విల్లా ప్రాకిన ఒక ఇంటి ముందు నిలబడి, "మామ్మగారూ!" అని కేక వేశారు.

ఎనభై దాటిన ఒక వృద్ధురాలు తలుపు తీశారు. ఆమె భర్త వైపు పెద్దలు ఫ్రెంచివారి కచేరీలో గుమాస్తాలట. ఇంటి వివరాలు పత్రికలో వేయవద్దని కోరారు కనుక ఇంతకంటే చెప్పము. మా టోపీ, గడ్డం చూసి ఆమె మొదట తడబడినట్లు అనిపించింది. ఆచారి గారు సంగతి చెప్పగానే నవ్వి, "కిటికీలు చూడ్డానికి వచ్చారా బాబూ? కొనడానికి వచ్చారేమో అనుకున్నా. కొనేవాళ్ళే వస్తున్నారు ఈ మధ్య" అన్నారు. హోటళ్ళ అలంకరణ కొరకు పాత తలుపులు, కిటికీలు కొనుక్కుపోయే వర్తకులు నెలకొకరు వస్తున్నారట.

ఆమె మనుమడు పుదుచ్చేరిలో భవన నిర్మాణ శాస్త్రం చదువుతున్నాడు. సెలవులకు వచ్చి ఉన్నాడు. మేము ఈ క్రింద వ్రాసే ఫ్రెంచి మాటలన్నీ ఆ అబ్బాయి చెప్పినవే.

ఆ ఇంటి ముందు గదిలో మూడు కిటికీలు ఉన్నాయి. ఒక్కొక్కటి ఏడడుగుల ఎత్తు. ఒక్కొక్క కిటికీకి రెండు జతల రెక్కలు. లోపలి జత గాజు రెక్కలు, గదిలోకి తెరుచుకుంటాయి. బయటి జత పలకల రెక్కలు, వీధి వైపు తెరుచుకుంటాయి. ఈ పలకల రెక్కలు మనకు కొత్తవి కావు. బ్రిటిషువారి బంగళాలలోను, మన నవాబుల దేవిడీలలోను ఉండేవి. ఉర్దూలో ఝిల్‌మిలీ అంటాము. వంపుగా అమర్చిన సన్నని చెక్కపలకలు వాన చుక్కను బయటికే జారవిడుస్తాయి, గాలిని మాత్రం లోపలికి రానిస్తాయి. యానాం పనితనం ఏదో తెలియాలంటే లోపలి గాజు రెక్కలను చూడాలి.

ఆచారి గారు గాజు రెక్కలు రెండింటినీ సగం తెరిచి, అవి కలుసుకునే అంచులను మా కళ్ళ ముందు పెట్టారు. ఒక రెక్క అంచు పొడవునా గుండ్రని గాడి తొలిచి ఉంది. రెండవ రెక్క అంచు ఆ గాడికి సరిపడా గుండ్రంగా ఉబ్బి ఉంది. రెండూ ఒకేసారి మూస్తే ఉబ్బు గాడిలోకి వెళ్ళి కూర్చుంటుంది. ఇక గాలి గాని, వాన జల్లు గాని చొరబడడానికి తిన్నని దారి లేదు. మలుపు తిరిగి రావాలి. గాడిని ఫ్రెంచివారు 'గుల్ ద లూ' అంటారట, అనగా తోడేలు నోరు. ఉబ్బును 'మూతోన్' అంటారట, అనగా గొర్రె. గొర్రె వెళ్ళి తోడేలు నోటిలో పడుకుంటుంది!

"ఒక్క రెక్క మాత్రం తెరవడం కుదరదండి. ఇద్దరూ కలిసే రావాలి, కలిసే పోవాలి" అన్నారు ఆచారి గారు. మా మేడ కిటికీలు ఒక్కొక్క రెక్కే తెరవబోతే ఎందుకు మొరాయిస్తాయో మాకు పదిహేనేళ్ళకు అప్పుడు అర్థమైంది. పిల్లలు బలవంతంగా ఒక రెక్కను లాగుతారు, అంచు చిట్లుతుంది, బందు మీద భారం పడుతుంది. ఆ బాలుని మీద పడిన రెక్క కథ కూడా అక్కడే మొదలైంది. వాడుక తెలియని మనుష్యుల చేతిలో పడడమే దాని లోపం.

ఆ తరువాత గడియ. మన కిటికీకి క్రింద ఒక గడియ, పైన ఒక గడియ విడివిడిగా ఉంటాయి. పై దానికి చేయి అందక పిల్లలు మూయరు. ఇక్కడ రెక్క అంచున పై నుండి క్రింది వరకు ఒకే ఇనుప కడ్డీ ఉంది. మధ్యలో పిడి. పిడి త్రిప్పితే కడ్డీ మొత్తం తిరిగి, పై కొసన ఒక కొక్కెం, క్రింది కొసన ఒక కొక్కెం ఒకేసారి చట్రాన్ని పట్టుకుంటాయి. దీని పేరు 'ఎస్పాన్యొలెత్', స్పెయిన్ వారిది అని అర్థమట. ప్రక్క కిటికీకి మాత్రం వేరొక రకం ఉంది: బుగ్గను త్రిప్పితే ఒక కడ్డీ పైకి, ఒకటి క్రిందికి జరుగుతుంది. దానిని 'క్రెమోన్' అంటారు, తరువాతి కాలపుది. ఒకే గదిలో రెండు కాలాల ఇనుము.

రెక్క అడుగు చెక్క ముందుకు పొడుచుకు వచ్చి, చూరులాగ వంపు తిరిగి ఉంది. గాజు మీదుగా జారిన నీరు ఆ వంపు మీద పడి దూరంగా చిమ్ముతుంది. ఆచారి గారు మా చేయి పట్టి ఆ వంపు అడుగున పెట్టించారు. వేలికి సన్నని గాడి తగిలింది. నీటి బొట్టు చెక్క అడుగునంటి వెనక్కి ప్రాకబోతే ఆ గాడి దగ్గర ఆగి రాలిపోతుంది. కంటికి కనబడని చోట, ఎవరూ మెచ్చుకోని చోట, ఒక వడ్రంగి ఒక బొట్టు నీటి కోసం గాడి తీశాడు.

మూలలలో మేకులు లేవు. ఒక చెక్క కొసను నాలుకలా చెక్కి, రెండవ చెక్కలో తొలిచిన బెజ్జంలోకి దింపి, అడ్డంగా కొయ్య చీల బిగించారు. జిగురు కూడా లేదన్నారు ఆచారి గారు. అందువల్ల ఏ ముక్క పాడైతే ఆ చీలను తట్టి తీసి, ఆ ఒక్క ముక్కనే మార్చవచ్చు. "కిటికీ ఎప్పుడూ అడుగునే పుచ్చుతుందండి, నీళ్ళు నిలిచేది అక్కడ కాబట్టి. అడుగు చెక్క ఒక్కటి మారిస్తే ఇంకో అరవై ఏళ్ళు. పై చెక్క చేవదేలిన టేకు. ఇప్పుడు ఆ టేకు డబ్బు పెట్టినా దొరకదు."

ఆ టేకు ఎక్కడిదని అడిగాము. ఎగువ గోదావరి అడవులలో నరికిన దుంగలను తెప్పలు కట్టి నది మీద రాజమహేంద్రవరానికి, అక్కడి నుండి పల్లానికి తెచ్చేవారు. యానాం ప్రక్కనున్న కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడల నిర్మాణ కేంద్రం. ఓడ కట్టే చేతులకు ఇంటి తలుపు ఒక లెక్కా! పైగా కోరంగి నుండి రంగూనుకు నిత్యం రాకపోకలు ఉండేవి. బర్మాలో తెలుగువారందరికీ కోరంగీలు అనే పేరు పడింది ఆ రేవు వల్లనే. పోయే ఓడ మనుష్యులను తీసుకుపోయేది, వచ్చే ఓడ బర్మా టేకు తెచ్చేది. మా మేడ కట్టిన కలప వర్తకుడు కూడా ఈ వ్యాపారంలోని వాడే అయి ఉండాలి.

ఈ తీరంలో కిటికీ గట్టిగా ఉండడం విలాసం కాదు. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు కోరంగిని తుడిచిపెట్టాయి. 1848లో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఇలాంటి సుడిగాలులకు 'సైక్లోన్' అనే పేరు పెట్టాడు. ఆయన పరిశీలించిన వాటిలో 1789 నాటి కోరంగి ఉప్పెన ఒకటి. నేడు ప్రపంచమంతా వాడుతున్న ఆ మాట వెనుక మన గోదావరి జిల్లా కన్నీళ్ళు ఉన్నాయి. 1996 నవంబరు 6 రాత్రిని మా వయసు వారెవరూ మరువలేరు. మామ్మగారు ఆ రాత్రి ఈ గదిలోనే ఉన్నారట.

"పెంకులు లేచిపోయాయి బాబూ. పక్కవాళ్ళ రేకులు మా పెరట్లో పడ్డాయి. ఈ కిటికీలు మూసి, గడియ తిప్పి, కింద కూర్చున్నాం పదకొండు మందిమి. పొద్దున్న చూస్తే ఒక్క అద్దం పగిలింది, అంతే. ఆ అద్దం మీ అబ్బాయి వయసు కుర్రాడు బంతితో కూడా పగలగొడతాడు."

జుహర్ వేళ కావడంతో యానాం మస్జిద్‌కు వెళ్ళి నమాజు చేసుకుని మళ్ళీ ఆ ఇంటికే వచ్చాము. భోజనం పెట్టకుండా పంపమని పట్టుబట్టారు. చేపల పులుసు మా కోసం వేరుగా వండించారు.

భోజనానంతరం ఆ అబ్బాయి ఒక ముచ్చట చెప్పాడు. పలకల రెక్కలను ఫ్రెంచిలో 'పెర్సియెన్' అంటారట. పారశీక దేశపుది అని ఆ మాటకు అర్థం. ఇలాంటి అడ్డుతెరలకే ఇంకొక పేరు 'జాలూజీ', అనగా ఈర్ష్య. లోపలివారు బయటికి చూడగలరు, బయటివారు లోపలికి చూడలేరు. చూడలేనివాడు ఈర్ష్య పడతాడని కాబోలు. తూర్పు దేశాల నుండి ఇటలీకి, ఇటలీ నుండి ఫ్రాన్సుకు పోయిన అలవాటు ఇది. ఆ మాట వినగానే మాకు అరబ్బు నగరాలు గుర్తుకు వచ్చాయి. కైరో పాత మేడలకు జాలీ పనితో బయటికి పొడుచుకు వచ్చిన గవాక్షాలు ఉంటాయి, మష్రబియ్యా అంటారు. మా తాలిబ్ ఇల్మ్‌లు మొదటి ఏడాదిలోనే నేర్చుకునే 'షరిబ', త్రాగుట, అనే ధాతువు నుండి ఆ మాట వచ్చింది. గాలి తగిలే ఆ చోట నీటి కూజాలు చల్లబడేందుకు పెట్టేవారు. జిద్దాలో వాటినే రవాషీన్ అంటారు, ఏకవచనం రౌషన్. వింటే మన రోషన్‌దాన్ గుర్తుకు రాకమానదు.

కిటికీ గూర్చి మన ధర్మం మౌనంగా లేదు. పరుల ఇంటిలోకి అనుమతి లేనిదే ప్రవేశించరాదని సూరె నూర్ ఆదేశించింది. ఆ అనుమతి నియమం చూపు కారణంగానే పెట్టబడిందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక వ్యక్తి సందులోనుండి తొంగి చూచిన సందర్భంలో వివరించారు. అడుగు లోపల పెట్టడం ఎంతో, చూపు లోపల పెట్టడం అంత. మా మేడ తూర్పు వైపు కిటికీలు ఒక సందులోకి ఉన్నాయి. అక్కడ కుళాయి దగ్గర స్త్రీలు నీరు పట్టుకుంటారు, బట్టలు ఉతుకుతారు. ఇన్నేళ్ళుగా వారికి మా వల్ల గాని, మా పిల్లలకు వారి వల్ల గాని ఇబ్బంది కలుగలేదంటే ఆ పలకల రెక్కల పుణ్యమే. పలకలు దించితే గాలి ఆగదు, చూపు ఆగుతుంది. స్లైడింగ్ అద్దం పెడితే రెండింటిలో ఒకటే దొరుకుతుంది: మూస్తే గాలి లేదు, తెరిస్తే తెర లేదు. పైగా స్లైడింగ్ కిటికీ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. వైశాఖపు ఎండలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, ముప్పై మంది పిల్లలు ఒకే గదిలో హిఫ్జ్ చదువుతుంటే ఆ సగం విలువ ఎంతో ఉస్తాదుకే తెలుస్తుంది.

అల్యూమినియాన్ని నిందించడం మా ఉద్దేశం కాదు. దానికి చెద పట్టదు, రంగు అక్కర లేదు, ధర తక్కువ, పని రెండు రోజులలో అయిపోతుంది. పేదవాని ఇంటికి అది గొప్ప సదుపాయం. ఫ్రాన్సులో ఒకప్పుడు తలుపులకు, కిటికీలకు పన్ను వేసేవారు. 1798లో మొదలై 1926 వరకు సాగింది. పన్ను కట్టలేని పేదలు కిటికీలు ఇటుకలతో పూడ్చుకుని చీకటిలో బ్రతికారు. ఏ కిటికీ అయినా గోడ కంటె మేలు. కాని ఉన్న దానిని పారవేసి తక్కువ దానిని తెచ్చుకోవడం వేరు.

బయలుదేరబోతుండగా ఆచారి గారు ఉన్నట్టుండి అడిగారు: "మౌలానా గారూ, మీ మేడ వెనక వైపు రెండు కిటికీలు పూడ్చేశారు కదండీ. వాటి రెక్కలు ఏం చేశారు? అవి ఉంటే పలకలన్నీ వాటినుంచే తీసుకోవచ్చు."

జవాబు చెప్పడానికి మాకు నోరు రాలేదు. పదేళ్ళ క్రితం వంటగది పెంచినప్పుడు ఆ రెండు కిటికీలు ఊడదీశారు. ఎనిమిది రెక్కలు పెరటిలో గోడకు చేరవేసి ఉండేవి. రమజాన్‌లో గ్యాసు అయిపోయిన ఒక సాయంత్రం వంటమనిషి వచ్చి, "వాటిని పొయ్యిలో పెట్టమంటారా హజ్రత్?" అని అడిగాడు. మేమే సరే అన్నాము. ఇఫ్తార్‌కు గంజి వేళకు అందింది. బర్మా నుండో భద్రాచలం నుండో వచ్చి, వందేళ్ళు ఎండకు వానకు నిలిచిన టేకును ఒక్క సాయంత్రంలో బూడిద చేశాము. అది వక్ఫ్ ఆస్తి అన్న సంగతి కూడా ఆ పూట మాకు తట్టలేదు. మసాయిల్ బోధించే వాడిని అడిగితే చెప్పగలడు; అడిగేవారు లేనప్పుడు తనకు తాను చెప్పుకోలేకపోయాడు.

ఉన్నది ఉన్నట్లు చెప్పాము. ఆచారి గారు ఏమీ అనలేదు. మామ్మగారు మాత్రం, "మా అటక మీద విరిగిన రెక్కలు కొన్ని ఉన్నాయి. పనికొస్తే పట్టుకుపో ఆచారీ" అన్నారు. వెల ఎంతో చెప్పమంటే చెప్పలేదు.

తిరిగి వచ్చాక ఆచారి గారు పద్నాలుగు కిటికీలను మూడు రోజులు పరీక్షించారు. పడమటి వైపు నాలుగింటికి చట్రాలతో సహా పుచ్చు పట్టింది. అవి బాగు కావు అన్నారు. మిగిలిన పదింటికి అడుగు చెక్కలు, బందులు, మేకులకు బదులు స్క్రూలు, కొన్ని పలకలు, గాజులు, అవిసె నూనె. ఖర్చు కొత్త వాటికి అయ్యే దానిలో సగానికి కొంచెం ఎక్కువ. కాలం మాత్రం చాలా ఎక్కువ. కమిటీలో ఇద్దరు పెద్దలు ఒప్పుకోలేదు. "మళ్ళీ పిల్లల మీద పడితే ఎవరు జవాబుదారీ?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. మేము జవాబుదారీ అని వ్రాసి ఇచ్చాము. ఏటా బక్రీదు సెలవులలో ప్రతి బందును విప్పి చూపించాలని వారు షరతు పెట్టారు. ఒప్పుకున్నాము.

అంతకంటె పెద్ద చిక్కు వేరే ఉంది. జిద్దా సోదరుడు సొమ్ము పంపినది కొత్త కిటికీల కొరకు. దాత ఒక పనికి ఇచ్చిన సొమ్మును మన ఇష్టం వచ్చినట్లు మరొక పనికి మళ్ళించరాదు, అది అమానత్. పొదుపు అవుతున్నది కదా అన్న సాకు చెల్లదు. కనుక మేము ఇషా తరువాత ఆయనకు ఫోను చేశాము. పొయ్యిలో పెట్టిన ఎనిమిది రెక్కల సంగతితో సహా మొత్తం చెప్పాము.

ఆయన చాలాసేపు విన్నారు. తరువాత, "హజ్రత్, నేను రోజూ బలద్‌లో నుండే పనికి పోతాను. ఆ పాత ఇళ్ళ చెక్క కిటికీల క్రిందనే నడుస్తాను. దేశదేశాల నుండి వచ్చి వాటిని ఫోటోలు తీసుకుంటారు. నేను ఒక్కసారి కూడా తల ఎత్తి చూడలేదు" అన్నారు. పాత జిద్దాను యునెస్కో 2014లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ రవాషీన్‌కు వాడిన టేకు మన దేశం నుండి, జావా నుండి ఓడలలో వెళ్ళినదని చెప్పాము. "అయితే మన చెక్కే నన్నమాట" అని నవ్వారు. సొమ్మును మరమ్మతుకు వాడుకొమ్మని, మిగిలినది పిల్లల పరుపులకు ఖర్చు పెట్టమని అనుమతి ఇచ్చారు. ఆ మాటలే వ్రాసి పంపమని కోరితే మరునాడు వాట్సాప్‌లో పంపారు. ఆ కాగితం ప్రతిని కమిటీ దస్త్రంలో ఉంచాము.

ఆచారి గారు షాబాన్ ఇరవైన పని మొదలుపెట్టారు. మొదట పట్టుకున్నది ఆ పడిపోయిన రెక్కనే. చీల తట్టి తీసి, పుచ్చిన అడుగు చెక్కను విడదీసి, కొత్త టేకు ముక్కను చిత్రిక పట్టి, తోడేలు నోరు మళ్ళీ తొలిచే పని మనుమనికి అప్పగించారు. కుర్రవాడు రెండు ముక్కలు పాడుచేశాడు. మూడవది కుదిరింది. గాజుకు లప్పం పెట్టి, నూనె రెండు పూతలు వేసి, రెక్క బిగించేసరికి ఆరు రోజులు పట్టింది. గాయపడిన బాలుని తండ్రి కాకినాడ నుండి వచ్చి ఆ కిటికీని పది సార్లు తెరిచి మూసి చూశారు. మొదటిసారి ఒక రెక్కనే లాగారు; ఆచారి గారి మనుమడు, "రెండూ కలిపి తీయాలండీ" అని చేయి పట్టి చూపించాడు.

ఈ వ్యాసం వ్రాస్తున్న నాటికి మూడు కిటికీలు పూర్తయ్యాయి. నాలుగవదానికి పదకొండు పలకలు తక్కువ పడ్డాయి. వచ్చే గురువారం యానాం వెళ్ళి మామ్మగారి అటక మీది రెక్కలు దింపుకుని రావాలి. ఈసారి ఆమె వద్దన్నా వెల ఇచ్చే వస్తాము.